శాసనం కవిత్వాన్ని చదివే తీరు

కావ్యానికి పీఠిక వున్నట్టే శాసనానికి కూడా ఒక ఉద్దేశప్రకటన వుంటుంది. పీఠికలో కవి తన్ను గురించి ఏమి చెప్పుకున్నా, కావ్యం బాగోగులు కావ్యంలోనే తేల్చుకోవాలని మేము తరగతిలో విద్యార్థులకు చెబుతాం. శాసనాల దగ్గరికి వచ్చేసరికి చదువుకున్నవారు కూడా పీఠిక దగ్గరే ఆగిపోతారు. ఇది ఉగ్రవాద నిరోధానికి చేసిన శాసనం గదా, ఉగ్రవాది కానివాడికి భయమెందుకని అడుగుతారు. పత్రికలవారూ, రచయితలూ, పౌరహక్కుల సంఘాలవారూ యీ శాసనాలు భావస్వాతంత్ర్యానికి చేటు తెస్తాయని అన్నప్పుడల్లా ప్రభుత్వాలు చెప్పే సమాధానం కూడా ఇదే.

ఈ ఆందోళన అతిగా వుందా, సకారణమేనా అన్నది వాదంతో తేలదు, చరిత్రతో తేలుతుంది. చరిత్రను నేను ఒక ప్రశ్నతో చూస్తాను: మన దేశంలో యీ శాసనాలు మాటను ఏ దృష్టితో చూశాయి? బాంబును గురించి అవి ఏమన్నాయో అందరికీ తెలుసు. పుస్తకాన్ని గురించి, పాటను గురించి, కరపత్రాన్ని గురించి ఏమన్నాయో అంతగా తెలియదు.

1908లో బెజవాడ నుంచి వెలువడే ‘స్వరాజ్య’ వారపత్రికలో తిరునెల్వేలి కాల్పులను ఖండిస్తూ ఒక వ్యాసం వచ్చింది. అందులో పరపాలనను క్రూరమైన పులితో పోల్చారు. సంపాదకుడు గాడిచర్ల హరిసర్వోత్తమరావుకు రాజద్రోహ నేరం కింద మూడేళ్ళ కఠినశిక్ష పడింది. ఇది ఉగ్రవాద శాసనం కాదు, మామూలు శిక్షాస్మృతే. కాని ఒక అలంకారానికి మూడేళ్ళు అనే లెక్క మన భాషలో అప్పటినుంచీ వుంది. తరువాత గరిమెళ్ళ సత్యనారాయణ పాట పాడి జైలుకు వెళ్ళాడు. ‘మాలపల్లి’ నవల నిషేధానికి గురయింది; అది పూర్తిగా తొలగడానికి 1937లో కాంగ్రెసు మంత్రివర్గం రావలసి వచ్చింది. ఇవి మన సాహిత్య చరిత్రలలో వున్న సంగతులే గనుక వాటిపై నిలవను.

అంతగా ప్రచారంలో లేని సంగతి ఒకటి వుంది. రౌలట్ శాసనం అనగానే మనకు 1919, జలియన్‌వాలాబాగు గుర్తుకు వస్తాయి. రౌలట్ అధ్యక్షతన ఏర్పడిన కమిటీ 1918లో నివేదిక ఇచ్చింది. దానిని ఆధారం చేసుకొని 1919 ఫిబ్రవరిలో ప్రభుత్వం కేంద్ర శాసనమండలిలో ప్రవేశపెట్టింది ఒక బిల్లు కాదు, రెండు. మార్చిలో శాసనమైంది వాటిలో ఒకటి. విచారణ లేకుండా నిర్బంధించడం, ముగ్గురు న్యాయమూర్తుల ప్రత్యేక న్యాయస్థానాలు, వాటి తీర్పుమీద అప్పీలు లేకపోవడం - ఇవన్నీ దానిలోనివే. యుద్ధం ముగిసిన తరువాత మూడేళ్ళు మాత్రమే వుంటుందని చెప్పిన తాత్కాలిక శాసనం అది. దేశమంతా భగ్గుమన్నది. చివరికి ఆ శాసనాన్ని ఆచరణలో ప్రయోగించనే లేదు. 1922లో రద్దు చేశారు.

రెండవ బిల్లు శాశ్వతంగా వుండవలసినది. దానిలో ఒక క్లాజు చూడండి. రాజద్రోహకరమైన పత్రాన్ని ప్రచురించే లేక పంచే ఉద్దేశంతో దగ్గర వుంచుకుంటే అది నేరం. సదుద్దేశంతోనే దగ్గర వుంచుకున్నానని రుజువు చేసుకునే భారం ముద్దాయిది. అంటే రాయనక్కరలేదు, అచ్చువేయనక్కరలేదు, పంచనక్కరలేదు. బీరువాలో వుంటే చాలు. వ్యతిరేకత ఎంత తీవ్రంగా వచ్చిందంటే ప్రభుత్వం యీ రెండవ బిల్లును వదులుకోక తప్పలేదు. తుపాకులూ, టెలిగ్రాఫు తీగలూ చేతిలో వున్న ప్రభుత్వం 1919లో చెయ్యడానికి జంకిన పని అది. పాఠకులు దీనిని గుర్తుంచుకోవాలని కోరుతున్నాను, తరువాత మళ్ళీ దీనితో పని వుంది.

ఆనాటి చర్చలో శ్రీనివాసశాస్త్రి చేసిన ప్రసంగం ప్రసిద్ధం. ఆయన విప్లవకారుడు కాడు, మితవాదులలో మితవాది. చెడ్డ శాసనం ఎప్పుడూ చెడ్డవారిమీదనే ప్రయోగింపబడదని, భయపడిన ప్రభుత్వాలు మతి తప్పడం తాను ఎరుగుదునని ఆయన సారాంశంగా చెప్పాడు. భయమెందుకని అడిగేవారికి ఒక మితవాది ఇచ్చిన సమాధానంకంటె మంచి సమాధానం నాకు తోచడం లేదు.

స్వాతంత్ర్యం వచ్చింది. తెలుగు జిల్లాలు అప్పటికి మద్రాసు రాష్ట్రంలో వున్నాయి. రైతు పోరాటాల కాలం. అక్కడి ప్రభుత్వం ‘మా భూమి’ నాటకాన్ని నిషేధించింది. 1948లో కల్లోలాల అణచివేత శాసనం తెచ్చింది. 1949లో ప్రజాశాంతి పరిరక్షణ శాసనం చేసి, దాని కింద బొంబాయినుంచి వెలువడే ‘క్రాస్‌రోడ్స్’ పత్రిక మద్రాసు రాష్ట్రంలోకి రాకూడదన్నది. సంపాదకుడు రమేశ్ థాపర్ సుప్రీంకోర్టుకు వెళ్ళాడు. రాజ్యాంగం అమలులోకి వచ్చి అప్పటికి నాలుగు నెలలు. రాజ్యభద్రతకు ముప్పు వేరు, ప్రజాశాంతికి భంగం వేరు. రెండవదాని పేరుతో పత్రికను ఆపడానికి రాజ్యాంగం ఒప్పదని 1950 మే 26న కోర్టు తీర్పు చెప్పింది. గొప్ప తీర్పు. దాని ఆయుష్షు ఏడాది. 1951 జూన్‌లో మొదటి రాజ్యాంగ సవరణ వచ్చి ‘ప్రజాశాంతి’ అనే మాటను ఆంక్షల జాబితాలో చేర్చింది. ‘సమంజసమైన’ ఆంక్షలు మాత్రమే అన్న విశేషణం కూడా అప్పుడే చేరింది. ఆ విశేషణమే మనకు మిగిలిన ఆధారం.

ఆ విశేషణం విలువ 1952లో తెలిసింది. పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీ అని మద్రాసులో ఒక సంస్థ వుండేది. దాని కార్యదర్శి వి.జి.రావు. రాజకీయ ఆర్థిక విషయాలమీద ప్రజలకు చదువు చెప్పడం తన పని అని ఆ సంస్థ చెప్పుకున్నది. అది కమ్యూనిస్టు పార్టీకి సహాయపడుతున్నదని ప్రభుత్వం చట్టవిరుద్ధ సంస్థగా ప్రకటించింది. ప్రభుత్వానికి తోచిందన్న కారణంతో, న్యాయవిచారణ లేకుండా ఒక సంఘాన్ని నిషేధించడం సమంజసమైన ఆంక్ష కాదని సుప్రీంకోర్టు కొట్టివేసింది. నేటి సంఘ నిషేధ శాసనాలలో ట్రిబ్యునలు అనే మెట్టు వుండడానికి యీ తీర్పే మూలం.

ఇక నా వృత్తికి బాగా దగ్గరైన ఘట్టం. శ్రీకాకుళ పోరాటం తరువాతి సంవత్సరాలలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దృష్టి కవులమీద పడింది. 1971లో దిగంబర కవులు చెరబండరాజు, నిఖిలేశ్వర్, జ్వాలాముఖి ముందుజాగ్రత్త నిర్బంధ శాసనం కింద జైలుపాలై, హైకోర్టు జోక్యంతో బయటపడ్డారు. 1974లో సికిందరాబాదు కుట్రకేసు వచ్చింది. ముద్దాయిలలో కె.జి.సత్యమూర్తి, వరవరరావు, చెరబండరాజు, ఎం.టి.ఖాన్ వంటి రచయితలు వున్నారు. వారి కవితలూ, ప్రసంగాలూ కుట్రకు సాక్ష్యాలుగా కోర్టుకు చేరాయి.

అలంకారశాస్త్రం చదివినవారికి అభిధ, లక్షణ, వ్యంజన అనే మూడు శబ్దశక్తులు తెలుసు. గంగమీద గొల్లపల్లె వుందంటే నీటిమీద ఇళ్ళు తేలుతున్నాయని కాదు, గంగ ఒడ్డున వుందని. ఇది లక్షణ. సికిందరాబాదు కేసువంటి కేసులలో అభియోగపత్రం చదివే పద్ధతి ప్రకారం పోలీసులు పడవ వేసుకొని ఆ ఇళ్ళను వెతకాలి. కవి అగ్ని అన్నచోట పెట్రోలు కనిపిస్తుంది. కవి కత్తి అన్నచోట పంచనామా రాస్తారు. చిత్రమేమిటంటే, కవి సూటిగా, అభిధలోనే, రైతుకు భూమి కావాలని అన్నప్పుడు మాత్రం అభియోగపత్రానికి హఠాత్తుగా వ్యంజన వంటపడుతుంది. ఆ మాట వెనుక ఇంకేదో ధ్వనిస్తున్నదంటుంది. ఆనందవర్ధనుడు ఇంతమంది శిష్యులను ఊహించి వుండడు.

నవ్వుకోవలసిన విషయం కాదు. ఆ కేసు కొట్టివేయబడింది. ఎప్పుడు? 1989లో. పదిహేనేళ్ళ తరువాత. చెరబండరాజు 1982 జూలైలోనే మరణించాడు. తాను నిర్దోషి అన్న తీర్పు ఆయన వినలేదు. ఆయన రాసిన ఏ చరణానికీ ఏ న్యాయస్థానమూ శిక్ష వెయ్యలేదు. కాని ఆ చరణాలవల్ల ఆయన జీవితంలో మిగిలిన ఏడెనిమిది సంవత్సరాలు ముద్దాయిగా గడిచాయి.

సికిందరాబాదు కేసు మామూలు శిక్షాస్మృతి కింద నడిచింది. దాని పద్ధతి ప్రత్యేక శాసనాలలోకి ఎట్లా వచ్చిందో చూడాలి. టాడా 1985లో రెండేళ్ళకని వచ్చి పదేళ్ళు వుండి, 1995లో కాలగతి చెందింది. ‘విచ్ఛిన్నకర చర్య’ అనే నేరాన్ని నిర్వచించినచోట అది చేత అయినా, ప్రసంగం అయినా ఒకటేనన్నది. పోటా 2002లో మూడేళ్ళకని వచ్చి 2004లో రద్దయింది. పోటాకు ముందు వచ్చిన 2001 నాటి ఆర్డినెన్సులో, ఉగ్రవాదులను గురించిన సమాచారం తెలిసి చెప్పనివారిని శిక్షించే క్లాజు ఒకటి వుండేది. పత్రికలవారు గట్టిగా అభ్యంతరం చెప్పగా శాసనంలో దానిని తీసివేశారు. అరిస్తే ఏమవుతుందని నిరుత్సాహపడేవారు యీ సంగతి గమనించవచ్చు.

పోటా కథలో ఒక నాటకీయ సన్నివేశం వున్నది. తమిళనాడు నాయకుడు వైకో పార్లమెంటులో పోటాను బలపరిచినవారిలో ఒకరు. అదే 2002 జూన్‌లో ఆయన ఒక బహిరంగసభలో ఎల్.టి.టి.ఇ.ని సమర్థిస్తూ మాట్లాడారు. జూలైలో పోటా కిందనే అరెస్టయి పందొమ్మిది నెలలు జైలులో వున్నారు. కేవలం నైతికమైన మద్దతు తెలుపుతూ మాట్లాడడం, నేరాన్ని ప్రోత్సహించే ఉద్దేశం లేకపోతే, పోటా కింద నేరం కాదని 2003 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. శాసనాన్ని సమర్థించిన సభ్యునికి ఆ శాసనంలోని మాటకు అర్థమేమిటో తెలుసుకోవడానికి జైలుకు వెళ్ళవలసి వచ్చిందంటే, మామూలు పౌరుడి సంగతి చెప్పనక్కరలేదు.

ఇప్పుడు అసలు విషయం. 1963లో పదహారవ రాజ్యాంగ సవరణ ద్వారా దేశ సార్వభౌమత్వం, సమగ్రత అనే మాటలు ఆంక్షల జాబితాలో చేరాయి. దానినుంచి 1967లో చట్టవ్యతిరేక కార్యకలాపాల నిరోధక శాసనం పుట్టింది. ఇప్పుడు ‘ఉపా’ అంటున్నాం. పుట్టినప్పుడు దానికీ ఉగ్రవాదానికీ సంబంధం లేదు. అది సంఘాలను గురించిన శాసనం, మాటను గురించిన శాసనం. చట్టవ్యతిరేక కార్యకలాపం అంటే ఏమిటో చెబుతూ, చేతల చేతగాని, పలికిన మాట చేతగాని, రాసిన మాట చేతగాని, సంజ్ఞ చేతగాని జరిగేదన్నది. దేశంపట్ల అప్రీతి కలిగించడాన్ని కూడా తరువాత అందులో చేర్చారు. 2004లో పోటాను రద్దు చేసిన చేతితోనే దానిలోని ఉగ్రవాద నేరాల అధ్యాయాన్ని తెచ్చి యీ పాత శాసనంలో పెట్టారు.

కనుక ఉగ్రవాదాన్ని అణచడానికి చేసిన శాసనం దారి తప్పి మాటమీదికి వచ్చిందని అనుకోవడం చరిత్రకు విరుద్ధం. మాటకోసం కట్టిన ఇంట్లోకే ఉగ్రవాదాన్ని అద్దెకు తెచ్చారు. రౌలట్ శాసనానికి మూడేళ్ళు, టాడాకు రెండేళ్ళు, పోటాకు మూడేళ్ళు అని గడువులు వుండేవి. గడువు వచ్చినప్పుడల్లా పార్లమెంటులో ఎవరో ఒకరు లేచి ఇంకా ఎందుకని అడిగే అవకాశం వుండేది. ఉపాకు గడువు లేదు. 2008లో బొంబాయి దాడుల తరువాత బెయిలు నిబంధనను బిగించారు; 2019లో సంఘాన్నే కాక వ్యక్తినికూడా ఉగ్రవాదిగా ప్రకటించే అధికారం ప్రభుత్వానికి ఇచ్చారు.

బాంబు అబద్ధమా అని ఎవరైనా అడగవచ్చు. కాదు. 2007 ఆగస్టు 25 సాయంత్రం లుంబినీ పార్కులో, గోకుల్ చాట్ దగ్గర చనిపోయిన నలభైమందికి పైచిలుకు మనుషులు అబద్ధం కాదు. 2013లో దిల్‌సుఖ్‌నగర్ అబద్ధం కాదు. హంతకులను పట్టుకొని శిక్షించే హక్కు, బాధ్యత ప్రభుత్వానికి వున్నాయి. అందుకు కావలసింది సమర్థమైన దర్యాప్తు. పుస్తకాల బీరువా సోదా చేస్తే పేలుడు పదార్థం దొరకదు. బీరువాదగ్గర గడిపిన ప్రతి గంటా అసలు దర్యాప్తుకు నష్టమే. రెండు పనులకూ ఒకే శాసనాన్ని వాడడంవల్ల మొదటి పని గౌరవాన్ని రెండవ పని అనుభవిస్తున్నది.

ఉపాలో ఉగ్రవాద చర్యకు నిర్వచనం బాంబులు, తుపాకులు, విషవాయువులు అని వరసగా చెప్పుకుంటూ వచ్చి, ‘మరే ఇతర సాధనం చేతనైనా’ అని ముగుస్తుంది. నిఘంటుకారుడు ఎవరైనా ఇట్లా రాస్తే మేము మార్కులు వెయ్యం. అయినా నిర్వచనంకంటె బెయిలు నిబంధన ముఖ్యం. పోలీసులు పెట్టిన కాగితాలను చూసి, ఆరోపణ పైకి నిజమేనని కోర్టుకు అనిపిస్తే బెయిలు ఇవ్వరాదు. అభియోగపత్రం దాఖలుకే 180 రోజుల గడువు. ఆ కాగితాలలో కరపత్రం వుంది, కవిత వుంది, ఉత్తరం వుంది. వాటికి సరైన అర్థమేమిటో తేల్చేది విచారణ. విచారణ మొదలుకావడానికి సంవత్సరాలు. ఈలోపల పోలీసుల అర్థమే చెల్లుబాటు.

2021 ఫిబ్రవరిలో కేంద్ర హోంశాఖ రాజ్యసభకు చెప్పిన లెక్క ఇది: 2016 నుంచి 2019 వరకు ఉపా కింద అరెస్టయినవారు 5,922 మంది, శిక్ష పడినవారు 132 మంది. తక్కినవారంతా నిర్దోషులని తేలినట్టు కాదు, చాలామంది కేసులు నడుస్తూ వుంటాయి. నడుస్తూ వుండడమే ఇక్కడ శిక్ష. స్టాన్ స్వామి 84వ ఏట, 2021 జూలై 5న, నిర్బంధంలో వుండగానే ఆస్పత్రిలో మరణించారు. ఆయన కేసు విచారణకు రాలేదు. అదే భీమా కోరేగాం కేసులో 2018లో అరెస్టయిన వెర్నన్ గొన్సాల్వెస్‌కు 2023 జూలై 28న సుప్రీంకోర్టు బెయిలు ఇచ్చింది. హింసను ప్రబోధించే సాహిత్యమే అయినా, అది దగ్గర వుండడం దానంతట అది ఉగ్రవాద చర్య కాదని ఆ తీర్పు చెప్పింది. రౌలట్ రెండవ బిల్లును ఇక్కడ జ్ఞాపకం చేసుకోండి. 1919లో తెల్లవాడు ఉపసంహరించుకున్న క్లాజు మన శాసనాలలో లేదని స్థిరపరచడానికి 104 ఏళ్ళు, ఒక మనిషికి సుమారు ఐదేళ్ళ జైలు పట్టాయి.

రచయితల సంఘాల విషయం కూడా చెప్పాలి. ఒక శాసనసభ్యుడు హతుడైన రెండు రోజులకు, 2005 ఆగస్టు 17న, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1992 నాటి ప్రజాభద్రతా శాసనం కింద మావోయిస్టు పార్టీతోపాటు విప్లవ రచయితల సంఘాన్నికూడా నిషేధించింది. న్యాయమూర్తుల సలహామండలి దానికి తగిన ఆధారం లేదనగా నవంబరులో ఆ నిషేధం పోయింది. అభ్యుదయ రచయితలకూ విరసానికీ రాజకీయాలలో, సాహిత్య దృక్పథంలో భేదాలు వున్నాయి. యీ పత్రిక పుటలలోనే అవి చర్చకు వస్తుంటాయి. ఎదుటివాడు జైలులోనో నిషేధంలోనో వున్నప్పుడు ఆ చర్చ సాగదు. వాదించదలచుకున్నవారికైనా ఎదుటివాడి స్వేచ్ఛ అవసరం.

నిషేధం పోతే అంతా సర్దుకున్నట్టేనా? లెక్కలకు అందని నష్టం ఒకటి నేను దగ్గరగా చూశాను. రెండేళ్ళ కిందట ఒక విద్యార్థిని శ్రీకాకుళ పోరాట సాహిత్యంమీద పరిశోధన చేస్తానని నా దగ్గరకు వచ్చింది. చురుకైన పిల్ల, అప్పటికే పాత సంచికలు చాలా సేకరించింది. నెల తిరక్కుండా అంశం మార్చుకున్నది. ఎవరూ ఆమెను బెదిరించలేదు. ఆ పుస్తకాలు ఇంట్లో వుంచవద్దని తండ్రి అన్నాడట. పెద్దలొకరు, ప్రబంధాలలో వర్ణనలు తీసుకోమ్మా, ప్రశాంతంగా వుంటుందని సలహా ఇచ్చారట. ప్రబంధాలు మంచి సాహిత్యమే, నాకు ప్రీతి కూడా. కాని ఆ అమ్మాయి వాటిని ప్రీతితో ఎన్నుకోలేదు. ఏ శాసనంలోనూ లేని యీ నిషేధానికి ట్రిబ్యునలు ఎక్కడుంటుంది?

ఆమె తండ్రిది పిరికితనమని నేను అనలేను. అమలాపురంలో పుట్టి ఢిల్లీలో ఇంగ్లీషు సాహిత్యం చెప్పిన జి.ఎన్.సాయిబాబా కథ ఆయనా పత్రికలలో చదివే వుంటాడు. నడవలేని ఆ అధ్యాపకుణ్ణి 2014 మేలో అరెస్టు చేశారు. 2017లో యావజ్జీవ శిక్ష వేశారు. 2022 అక్టోబరు 14న బొంబాయి హైకోర్టు నాగపూరు బెంచి విడుదల చెయ్యమంటే, మర్నాడు శనివారమైనా సుప్రీంకోర్టు ప్రత్యేకంగా కూర్చుని ఆ తీర్పును నిలిపివేసింది. 2024 మార్చి 5న హైకోర్టు రెండవసారి నిర్దోషి అన్నది. కమ్యూనిస్టు, నక్సలైటు భావాల సాహిత్యాన్ని ఒక పౌరుడు ఇంటర్నెట్టునుంచి తీసుకున్నంతమాత్రాన, దానిపట్ల సానుభూతి వున్నంతమాత్రాన నేరం కాదని ఆ తీర్పులో వుంది. అప్పటికే ఆయన అధ్యాపక ఉద్యోగం పోయి మూడేళ్ళయింది. మళ్ళీ తరగతిలో పాఠం చెప్పాలని వుందని బయటికి వచ్చాక ఆయన చెప్పారు. ఉద్యోగం తిరిగి రాలేదు. అక్టోబరు 12న హైదరాబాదులో మరణించారు.